అమరావతి మహాచైత్యం : గుడి నుండి ప్రదర్శనశాల దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. కరువు భత్యం బకాయిల గూర్చి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గూర్చి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను చరిత్ర పండితుడిని కాను. ముప్పై అయిదేళ్ళు గుమస్తాగిరీ చేసి, కట్టలు విప్పి, కట్టలు కట్టి పదవీ విరమణ చేసినవాడిని. అయితే చరిత్రను గుమస్తా కంటితో చూస్తే కనబడే సంగతులు కొన్ని ఉంటాయి. వాటిని మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

మాది పెదకాకాని. భ్రమరాంబా మల్లేశ్వరస్వామివారి సన్నిధి. మా ఊరి పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికి ఆచార్య నాగార్జునుని పేరు పెట్టారని అందరికీ తెలుసు. ఆ నాగార్జునుడితో సంబంధం ఉన్నదని చెప్పుకునే అమరావతి మహాచైత్యాన్ని మాత్రం నేను తీరుబడిగా చూసింది రిటైరయిన తరువాతనే. సర్వీసులో ఉండగా ఆ ఊరు చాలాసార్లు వెళ్ళాను. కార్తీక మాసంలో కృష్ణ స్నానం, అమరేశ్వరుని దర్శనం, మళ్ళీ బస్సు. అంతే.

కిందటి సంవత్సరం మిరప కోతల రోజులలో మా ఆవిడనూ, ఏడవ తరగతి చదువుతున్న మనుమడినీ వెంటబెట్టుకొని బయలుదేరాను. గుంటూరులో బస్సు మారి, లాం ఫారం దాటి, తాడికొండ అడ్డరోడ్డు మీదుగా ప్రయాణం. దారి పొడుగునా కల్లాలలో మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరచినట్లున్నాయి. బస్సులో సగం మంది తుమ్ముతూనే ఉన్నారు. ధరణికోట మీదుగా అమరావతిలో దిగి, ముందు స్వామి దర్శనం చేసుకొని, తరువాత పురావస్తు శాఖ వారి మ్యూజియానికి వెళ్ళాము.

మ్యూజియం గుమ్మం దగ్గర మా ఆవిడ చెప్పులు విడిచింది. అక్కడి ఉద్యోగి మర్యాదగానే, “అమ్మా, చెప్పులు వేసుకొనే రావచ్చు. ఇది గుడి కాదండీ, మ్యూజియం” అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, లోపల కనబడుతున్న బుద్ధ విగ్రహం వంక చూసి, “ఫరవాలేదు నాయనా” అని ఉత్త కాళ్ళతోనే లోపలికి నడిచింది. మనుమడు నా చెయ్యి లాగి, “తాతయ్యా, ఇంతకీ ఇది గుడా, మ్యూజియమా?” అని అడిగాడు. ఆ రోజు నేను వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాత దొరికిన పుస్తకాలన్నీ చదివి, మరి రెండుసార్లు వెళ్ళి చూసి, ఇప్పుడు చెబుతున్నాను.

దాతల చిట్టా

ముందుగా ఒక మాట. పేరు ఒకటే కావడంతో ఈ అమరావతిని కొత్త రాజధానితో కలిపి పొరబడేవారు ఉన్నారు. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని తుళ్ళూరు ప్రాంతపు పల్లెలలో ఉంది. పాత అమరావతి దానికి పడమరగా కృష్ణ కుడి ఒడ్డున ఉంది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఇది గుంటూరు జిల్లానుండి పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది.

దీని పక్కనున్న ధరణికోటయే శాతవాహనుల నాటి ధాన్యకటకం. ఇక్కడి మహాచైత్యం క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో, అనగా మౌర్యుల కాలంలో మొదలయి, శాతవాహనుల కాలంలో, క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో పూర్తి వైభవానికి వచ్చింది. మధ్యనున్న కట్టడం అడ్డుకొలత 160 అడుగుల పైమాట. చుట్టూ ప్రదక్షిణకు దారి. ఆ దారికి వెలుపల పెద్ద రాతి కంచె. కంచెతో కలిపి అడ్డుకొలత సుమారు 190 అడుగులు. నాలుగు దిక్కులా వేదికలు, ఒక్కొక్క వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలు. రాయి అంతా పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ గల తెలుపు. ఆ రాళ్ళ మీద బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, జాతక కథలు, మదపుటేనుగును శాంతింపజేయడం వంటివన్నీ చెక్కారు. పాత రాళ్ళలో బుద్ధుని రూపం ఉండదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం మాత్రమే ఉంటాయి. తరువాతి కాలపు రాళ్ళలోకి వచ్చేసరికి మానవ రూపం కనబడుతుంది.

శిల్పాల అందాన్ని గూర్చి పెద్దలు చాలా వ్రాశారు. నన్ను పట్టుకొన్నది మాత్రం వాటి అంచుల మీద ఉన్న చిన్న చిన్న ప్రాకృత శాసనాలు. పులుమావి వంటి రాజు పేరు కూడా ఒక శాసనంలో ఉంది. కానీ ఎక్కువ భాగం రాజులవి కావు. గృహస్థులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలు అమ్ముకొనేవారు, భిక్షువులు, భిక్షుణులు, తల్లులు, కోడళ్ళు. ఫలానావారి కుమారుడు ఫలానా, భార్యతో, బిడ్డలతో, అక్కచెల్లెళ్ళతో కలిసి ఈ రాయి ఇచ్చారు అని వ్రాసి ఉంటుంది. మనం మన ఊరి గుడిలో గచ్చు బండల మీద, ట్యూబులైట్ల మీద దాతల పేర్లు చూస్తామే, అదే పద్ధతి. రెండువేల సంవత్సరాల నాటి చందాల చిట్టా అది. నావంటి గుమస్తాకు అంతకంటె ఆప్తమైన గ్రంథం ఏముంటుంది?

వారిలో విధికుడు అని ఒకాయన ఉన్నాడు. వృత్తి తోలు పని. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, తోబుట్టువులతో, కొడుకు కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి పలకను చైత్యానికి సమర్పించాడు. ఈ పేరును దయచేసి గుర్తుంచుకోండి. వ్యాసం చివర ఈయనతో మనకు పని ఉంది.

దీపాలదిన్నె

అంత గొప్ప చైత్యాన్ని ఎవరో దండెత్తి వచ్చి ఒక్కరోజున కూలగొట్టారని మనలో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకొనేవాడిని. జరిగింది అది కాదు. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయన్ త్సాంగ్ ఈ ప్రాంతానికి వచ్చేసరికే చాలా ఆరామాలు పాడుబడి, ఇరవై వరకు మాత్రమే నడుస్తున్నాయి. అయినా దీపం వెంటనే ఆరిపోలేదు. 1182 నాటి కోట కేతరాజు శాసనం అమరేశ్వరాలయంలోనే ఉంది. ఆ రాజు శివునికి దానాలు చేస్తూ, బుద్ధునికి కూడా దానాలిచ్చి అఖండ దీపాలు పెట్టించాడు. ఒకే ఊరిలో రెండు సన్నిధులకూ ఒకే చేతితో ధర్మం చేసిన ప్రభువు అన్నమాట. 1344 నాటి సింహళ శాసనం ఒకటి, అక్కడి గడలదెణియలో ఉన్నది, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతున్నది. మొదటి రాయి పడిన తరువాత దాదాపు పదహారు వందల సంవత్సరాలు ఏదో ఒక రూపంలో అక్కడ పూజ జరిగిందన్నమాట.

ఆ తరువాత చైత్యం మట్టిదిబ్బ అయింది. జనం దానిని దీపాలదిన్నె అన్నారు. లోపల ఏముందో మరచిపోయినా ఊరివారి నోట దీపాలు అనే మాట మాత్రం నిలిచింది.

పద్దెనిమిదవ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తన నివాసాన్ని అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టించారు. కట్టడాలకు ఇటుక, రాయి కావాలి. పక్కనే దిబ్బ. కూలీలు త్రవ్వగా పెద్ద పెద్ద ఇటుకలు, బొమ్మలు చెక్కిన తెల్లరాళ్ళు బయటపడ్డాయి. కొన్ని కొత్త కట్టడాలలోకి, కొన్ని కోనేటి మెట్లలోకి వెళ్ళాయి. మరికొన్ని సున్నం బట్టీలలో కాలిపోయాయి. ఆ ప్రభువును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన దాతృత్వాన్ని ఈ ప్రాంతంలో నేటికీ తలచుకుంటారు. అది ఏమిటో అప్పట్లో చెప్పగలవారు ఎవరూ లేరు. పాత గోడ రాయి కొత్త గోడకు వాడుకోవడం మన ఊళ్ళన్నిటిలో ఉన్న అలవాటే.

కాగితం మీదికెక్కిన రాళ్ళు

ఈ కబురు విని 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1807లో దానిపై ఆయన వ్యాసం అచ్చయింది. 1816లో సర్వేయర్ జనరల్ హోదాలో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ మధ్య భాగాన్ని త్రవ్వి చెరువుగా మార్చి ఉన్నారు. ఆయన చేసిన మేలు ఏమంటే, తన చిత్రకారులచేత దొరికిన రాయి దొరికినట్లుగా బొమ్మ వేయించాడు. ఎనభైకి పైగా పటాలు తయారయ్యాయి. వాటిలోని రాళ్ళలో కొన్ని తరువాత ఎక్కడా కనబడలేదు. అవి నేడు కాగితం మీద మాత్రమే బ్రతికి ఉన్నాయి.

ఈ మెకంజీ దొరకు కుడిభుజంగా ఉన్నవారు మన తెలుగువారు, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. వారి పర్యవేక్షణలో సేకరించిన గ్రామ కైఫీయతులలో అధికభాగం ఊరి కరణాల దగ్గరనుండి వచ్చినవే. మన వృత్తివారి చేతివ్రాత చరిత్రకు ఎంత ఉపకరించిందో చూడండి.

రాళ్ళు కొన్ని మచిలీపట్నం చేరాయి. అక్కడ రాబర్ట్‌సన్ అనే అధికారి తన పేరిట వెలసిన పేటలో, బజారు మధ్య వాటిని అలంకారంగా నిలబెట్టించాడు. ఆ రాబర్ట్‌సన్ పేట బందరులో నేటికీ ఉంది. తరువాత 1845లో వాల్టర్ ఇలియట్ గుంటూరు వచ్చాడు. డొక్కల కరువు తరువాత చితికిపోయి ఉన్న ఈ జిల్లా పరిస్థితి విచారించడానికి వచ్చిన పెద్ద అధికారి ఆయన. పనిలో పనిగా దిబ్బలో కొంత భాగం త్రవ్వించి, రాళ్ళను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి సుమారు పద్నాలుగు సంవత్సరాలు ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1858లో కెప్టెన్ ట్రైప్ వాటికి ఫోటోలు తీశాడు. 1859లో 121 రాళ్ళను ఓడకెత్తి లండన్ పంపించారు.

అక్కడైనా గౌరవం దక్కిందా అంటే, అదీ వెంటనే జరగలేదు. ఒక భవనం తాలూకు బండ్ల కొట్టంలో పడి ఉండగా 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడు వాటిని గుర్తించి, మరుసటి సంవత్సరం పెద్ద గ్రంథం వెలువరించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. 1992లో వాటికి గాలి, తేమ అదుపులో ఉండే ప్రత్యేకమైన గది ఏర్పడింది. ఆ దేశంలో వాటికి చాలాకాలం ఉన్న పేరు ‘ఇలియట్ మార్బుల్స్’. గుడికి రాయి ఇచ్చిన గృహస్థుని పేరు పోయి, బండికెత్తించిన అధికారి పేరు మిగిలింది.

ఒక ఉత్తర్వు, రెండు నోట్లు

ఇక నన్ను అన్నిటికంటె ఎక్కువగా బాధించిన ఘట్టం చెబుతాను.

1877లో రాబర్ట్ సీవెల్ దిబ్బలో ఒక మూల జాగ్రత్తగా త్రవ్వి నివేదిక వ్రాశాడు. తరువాత మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఈ స్థలం మీద ఆసక్తితో, మొత్తం దిబ్బను త్రవ్వి శుభ్రం చేయవలసిందిగా 1880లో ఆదేశించాడు. ఆ రోజులలో గుంటూరు, కృష్ణా జిల్లాలో కలిసి ఉండేది. 1859లో కలిపినది 1904లో కదా మళ్ళీ విడదీశారు. పైనుండి ఉత్తర్వు వస్తే కింద ఎలా అమలవుతుందో మనకు తెలియనిది కాదు. ఇన్ని రోజులలో పూర్తి కావాలి, ఇంతమంది కూలీలు, ఇంత సొమ్ము. పని పూర్తయినట్లు రిపోర్టు పోవాలి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో, దేని పక్కన నిలబడి ఉన్నదో వ్రాసుకొనే తీరిక ఎవరికుంటుంది? 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి చైత్యం ఉన్న చోట పెద్ద గొయ్యి, చుట్టూ తీసి పడవేసిన రాళ్ళు.

గవర్నరు చెడ్డ ఉద్దేశంతో చేసినది కాదు. పూర్తిగా వెలికితీసి కాపాడాలనే చేశాడు. కాని తొందరలో చేసిన మంచిపని అప్పటికి మిగిలి ఉన్న ఆనవాళ్ళలో చాలావాటిని చెరిపివేసింది.

అప్పుడు ఫైలులో రెండు నోట్లు నడిచాయి. పురాతన కట్టడాల పరిరక్షణకు నియమితుడైన హెచ్.హెచ్. కోల్ అనే అధికారి, రాళ్ళను ఉన్నచోటనే ఉంచాలి, మ్యూజియాలకు కావాలంటే అచ్చులు పోసిన నకళ్ళు పంపవచ్చు, అసలును తరలించడం దేశాన్ని దోచుకోవడంతో సమానం అనే అర్థం వచ్చేలా గట్టిగా వ్రాశాడు. బర్జెస్ దానికి ఒప్పుకోలేదు. ఇక్కడ వదిలితే ఇవి మళ్ళీ సున్నం అవుతాయి, మద్రాసు పంపితేనే దక్కుతాయి అన్నాడు. ప్రభుత్వం రెండవ మాట విన్నది. రాళ్ళు మద్రాసు ఎగ్మూరు మ్యూజియం చేరాయి. కొన్నిటిని అక్కడ సిమెంటుతో గోడకు బిగించారు. దానివల్ల వాటికి చెమ్మ, ఉప్పు పట్టి తరువాతి కాలంలో వేరే తలనొప్పి వచ్చింది.

ఈ రెండు నోట్లలో ఏది సరి? నేను చాలా రోజులు ఆలోచించాను. మొన్నటి సున్నం బట్టీలు గుర్తుంటే బర్జెస్ మాట కొట్టివేయలేము. నేడు ఆ ఖాళీ దిబ్బ దగ్గర నిలబడితే కోల్ మాటే నిజమనిపిస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ ఫైలులో మూడవ నోటు లేదు. అమరావతి ఊరివారిని ఏమనుకుంటున్నారని అడిగిన కాగితం నేను చదివిన వాటిలో ఎక్కడా కనబడలేదు.

నా స్వంత అనుభవం

పరుల తప్పులు వ్రాసి నా తప్పు దాచుకోవడం న్యాయం కాదు. నేను జూనియర్ అసిస్టెంటుగా ఉన్న తొలి రోజులలో, మా ఆఫీసు కొత్త భవనంలోకి మారవలసి వచ్చింది. ఏ ఆఫీసు అనేది ఇక్కడ అనవసరం. రికార్డు రూము పదిహేను రోజులలో ఖాళీ చేయమని ఉత్తర్వు. ఆర్.డిస్. కట్టలు శాశ్వతంగా ఉంచవలసినవి, ఎల్.డిస్. కట్టలు గడువు తీరితే తీసివేయదగినవి అని మనకు తెలుసు. కాని ఎలుకలు కొరికి, చెదలు తిని, పైచీటీలు రాలిపోయిన కట్టలను ఏవి ఏవని చూసేది? మొదటి రోజులు విప్పి చూశాను. చివరి రెండు రోజులు చూడలేదు. చిత్తుకాగితాల బండి వాకిట్లో నిలబడి ఉంది.

ఏడెనిమిదేళ్ళ తరువాత ఒక ముసలాయన వచ్చాడు. తన తండ్రికి ఊరిలో ఉన్న సర్వీసు మాన్యం తాలూకు నకలు కావాలి. ఏదో తగాదా నడుస్తున్నది. రిజిస్టరులో ఆ కట్ట నంబరు ఉంది, బీరువాలో కట్ట లేదు. నేనే ఎండార్సుమెంటు వ్రాసి ఇచ్చాను, “రికార్డు లభ్యము కానందున నకలు ఇచ్చుటకు వీలుపడదు” అని. ఆయన దానిని చదివించుకొని, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకొని, నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ కట్ట నా చేతులమీదుగానే పోయిందని ఖచ్చితంగా చెప్పలేను. పోలేదని కూడా చెప్పలేను.

1880 నాటి ఉత్తర్వు గూర్చి చదివినప్పుడు నాకు ఆ చిత్తుకాగితాల బండి గుర్తుకు వచ్చింది.

మిగిలినది ఏమిటి

అయినా అంతా పోలేదు. 1905 నుండి 1909 వరకు అలెగ్జాండర్ రీ మళ్ళీ త్రవ్వించాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1958–59లో రాయప్రోలు సుబ్రహ్మణ్యంగారు, కృష్ణమూర్తిగారు, 1970ల నడుమ ఐ. కార్తికేయ శర్మగారు, మన పండితులే, వరుస తప్పకుండా, పొర తరువాత పొర కొలత వేసుకొంటూ పనిచేశారు. ఆయక వేదికలో దాచిన స్ఫటిక భరిణెలు, వాటిలో ధాతువులు, బంగారు పూలు బయటపడ్డాయి. అందరి కళ్ళూ గప్పి అవి మనవారి చేతికే దొరకడం ఒక ఊరట.

నేడు మహాచైత్యం వద్ద పునాది, ప్రదక్షిణ దారి, అక్కడక్కడ నిలిపిన రాళ్ళు ఉన్నాయి. దగ్గరలోనే పురావస్తు శాఖ వారి ప్రదర్శనశాల. నిలువెత్తు బుద్ధ విగ్రహాలు, పద్మాలు చెక్కిన కంచె భాగాలు, జాతక కథల పలకలు లోపల ఉన్నాయి. ఆవరణలో చైత్యం నమూనా కట్టారు. ఆ నమూనా ఎలా కట్టగలిగారో మనుమడికి చూపించాను. ఆనాటి శిల్పులు చైత్యం మీద అమర్చిన రాళ్ళలోనే చైత్యం బొమ్మను చిన్నదిగా చెక్కిపెట్టారు. అండం, వేదికలు, ఆయక స్తంభాలు, సింహద్వారం, పైన ఎగిరే గంధర్వులతో సహా. కట్టడం పోయినా దాని పటం దాని రాతిమీదే మిగిలింది. తన రికార్డును తనే దాచుకొన్న గుడి అది.

2006 జనవరిలో దలైలామాగారు అమరావతిలో కాలచక్ర పూజ చేయించారు. బుద్ధుడు కాలచక్ర బోధ చేసినది ధాన్యకటకంలోనే అని టిబెట్టువారి విశ్వాసం. ఆ రోజులలో వేలాదిమంది భిక్షువులు ఆ దిబ్బ చుట్టూ ప్రదక్షిణ చేశారు. మనం మ్యూజియం అనుకొన్నది వారికి గుడిగానే ఉంది. ఊరిలో 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం కూడా ఇప్పుడు ఉంది. పిల్లలకు అదే ముందు కనబడుతుంది. దానిని చూసి వెనుదిరగవద్దని నా మనవి.

మన సంఘ సభ్యులలో ప్రకాశం జిల్లావారు కూడా ఉన్నారు గనుక చందవరం సంగతి చెప్పాలి. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ క్షేత్రం నుండి దొంగలు ఎత్తుకుపోయిన రాతి పలక ఒకటి చేతులు మారి చివరకు ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాలకు చేరింది. 2005లో వారు దానిని కొన్నారు. అది చందవరంలో ఉండగా తీసిన పాత ఫోటో ఒకటి పరిశోధకుని కంటబడడంతో గుట్టు బయటపడింది. 2016లో ఆ రాయిని వారు మన దేశానికి తిరిగి అప్పగించారు. ఆ ఫోటో తీసిన రోజున దాని విలువ తీసినవారికి తెలిసి ఉండదు. ఒక్క ఫోటో, ఒక్క రిజిస్టరు పద్దు సముద్రం దాటిన రాయిని వెనక్కు తెచ్చింది.

మెకంజీ పటాలు, ట్రైప్ ఫోటోలు, సీవెల్ నివేదిక, మ్యూజియం వారి నంబర్లు, ఈ చందవరం ఫోటో. వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచిన సత్యం ఒకటే. అమరావతిని పోగొట్టినవారిలో శత్రువులు తక్కువ, మంచి ఉద్దేశంతో తొందరపడినవారు ఎక్కువ. కాపాడినవారిలో గొప్పవారు తక్కువ, ఓపికగా వ్రాసి పెట్టినవారు ఎక్కువ. మన ఉద్యోగాన్ని చాలామంది కాగితాల ఉద్యోగమని చులకన చేశారు. ఇకమీదట అలా అన్నవారికి అమరావతి కథ చెప్పండి.

మన ముద్ర

ఇప్పుడు విధికుని దగ్గరకు వస్తాను. మనం సర్వీసు అంతా ఏ కాగితం పట్టుకొన్నా దాని నెత్తిన రాష్ట్ర ప్రభుత్వ చిహ్నం ఉండేది. దానిలో పూర్ణకుంభం. ఎన్ని వేల సార్లు చూశామో! ఒక్కసారి కూడా అది ఎక్కడిదని నేను అడగలేదు. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన చిహ్నాన్ని అమరావతి శిల్పశైలిలో తీర్చిదిద్దింది. ధర్మచక్రం, దాని నడుమ పూర్ణఘటం. ఆ పూర్ణఘటం ఎవరిదో కాదు. తల్లితో, భార్యతో, బిడ్డలతో కలిసి చెప్పులు కుట్టుకొనే విధికుడు మహాచైత్యానికి ఇచ్చిన పూర్ణఘటమే. చక్రవర్తుల పేర్లు తెలిసిన నేలమీద, ఒక తోలు పనివాని కానుక ప్రభుత్వ ముద్ర అయింది. నా పెన్షన్ కాగితాల మీద నాకు ఇప్పుడు ఆయన కుటుంబం కనబడుతున్నది.

మూడవసారి వెళ్ళినప్పుడు ఈ సంగతి మనుమడికి చెప్పాను. గుడా మ్యూజియమా అన్న ప్రశ్నకు జవాబు కూడా చెప్పాను. “ఇచ్చినవారి పేరు చదివితే గుడి, చదవకుండా చూసి వెళ్ళిపోతే మ్యూజియం” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, ఒక పలక ముందు కూర్చొని, ఆ అంచున ఉన్న అక్షరాలను నోటుబుక్కులో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. అవి బ్రాహ్మీ అక్షరాలు, వాడికి చదవడం రాదు. అయినా ఒక్కొక్కటే బొమ్మలాగా దించుకున్నాడు. మా ఆవిడ ఆ రోజు కూడా చెప్పులు బయటే విడిచింది. గుమ్మం దగ్గరి ఉద్యోగి ఈసారి ఏమీ అనలేదు. వాటిని ఎవరూ తొక్కకుండా కాలితో ఓరగా జరిపాడు.

మిత్రులారా, శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగిలిన రోజులలో మనుమలను తీసుకొని ఒకసారి వెళ్ళి రండి. గుంటూరునుండి గంట ప్రయాణం. మీ ఇంట్లో, మీ ఊరి గుడిలో పాత కాగితాలు, పాత ఫోటోలు ఏవైనా ఉంటే వెనుక పేరు, ఊరు, సంవత్సరం వ్రాసి పెట్టండి. మనం మిగిల్చి పోగల ఆస్తి అది. నేను మా ఇంటి ఫోటోలతో ఆ పని మొదలుపెట్టాను. సగం మందిని గుర్తు పట్టడానికి మా ఆవిడ సాయం కావలసి వస్తున్నది.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

సెలవు.